పుంగనూరు సంతలో నేను పెట్టిన బొట్టు

ఆవుకు బొట్టు పెడితే పుణ్యం వస్తుందని మా నాన్నగారు చిన్నప్పుడే చెప్పారు. ఆవు కూడా వస్తుందని చెప్పలేదు.

ఆయన ఆ ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయినందువల్ల, ఏడేళ్ళ క్రితం ఒక మిట్టమధ్యాహ్నం పుంగనూరు సంత నడిబొడ్డున నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా వారు ఏడేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. ఆ భారమంతా పాపం ఆయనొక్కరే ఎందుకు మొయ్యాలి?

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే అన్నింటికీ మూలం అదే. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా ఊళ్ళో బడికి వెళ్ళాలంటే కాలవ మీద వేసిన తాటిపట్టె దాటాలి. ఆ పట్టె అంటే మా అమ్మకు యమభయం. అందుకని నాన్నగారే వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. లెక్కలు చింతగింజలతో, భూగోళం గుమ్మడికాయతో, ధర్మం మా ఇంటి ఆవుతో. "భూమి చుట్టూ తిరగలేనివాళ్ళు ఆవు చుట్టూ మూడుసార్లు తిరిగితే చాలమ్మా" అనేవారు. భూప్రదక్షిణం ఇంత చవకగా తేలిపోతున్నందుకు ఆ దేవుడికి రోజూ దండం పెట్టుకునేదాన్ని. అలా నాకు లెక్కలు వచ్చాయి, శ్లోకాలు వచ్చాయి, పద్యాలు వచ్చాయి. సంత మాత్రం రాలేదు. ఏ పుస్తకంలోనూ లేదు మరి.

ఆ ఏడు మా వారికి వారం రోజులు సెలవు దొరికింది. ఆయన తపాలా ఆఫీసు మనిషి. ముప్పై ఏళ్ళుగా కవర్ల మీద ఊళ్ళ పేర్లు చదివి చదివి, "ఈ ఊళ్ళన్నీ నిజంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసొద్దాం శారదా" అన్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మూడు పేర్లు ఏరారు. అందరూ కొండలకో సముద్రానికో పోతే మేం సంతలకు బయల్దేరాం. నిమ్మనపల్లె దగ్గర ఒక తోటలో గది తీసుకున్నాం. ఏ బస్సు ఎన్నింటికి, ఏ ఊళ్ళో ఏం తినాలి, ఎక్కడ ఎంతసేపు నిలబడాలి అన్నీ మా వారు ఒక పొడుగు నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని గుర్తుపెట్టుకోండి. దాని ఆయుష్షు ఎక్కువ లేదు.

నా సంతోషం ఏమని చెప్పను! మదనపల్లె టమాటా మార్కెట్లో అడుగుపెట్టగానే నోరు తెరిచినదాన్ని మళ్ళీ మూయలేదు. ఎటు చూసినా ఎర్రటి గుట్టలు. లోకంలోని పచ్చళ్ళన్నీ పుట్టకముందు ఇక్కడే తపస్సు చేస్తున్నట్టుంది. ఆ పంట ఇచ్చిన తల్లికి ఒక దండం పెట్టి, నవనవలాడుతున్న కాయనొకదాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"అమ్మా, అమ్మా! ఆడ పెట్టు!" అని ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "యాలంపాట కాకముందు కాయను ముట్టగూడదు తల్లీ. ముట్టినావంటే గుట్టంతా నీదే అంటారు."

కాయను అరచేతుల్లో మోసుకెళ్ళి, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు గుట్ట మీద పెట్టేశాను.

"మార్కెట్లో కళ్ళు వాడు, చేతులు వాడకు" అన్నారు మా వారు.

"అలాగేనండీ" అన్నాను. మరుసటి రోజు పుంగనూరు సంత. ఆ మాట ఒక్కరోజు కూడా నిలవలేదు.

పుంగనూరులో బస్సు దిగి సంత చూశానో లేదో, మా వారి మోచేతిని పదిసార్లు గిల్లాను. "అదిగో గంటలు! అదిగో తాళ్ళు! ఏవండీ, ఆ బొరుగుల గుట్ట చూశారా, మన వంటిల్లు పట్టదు!" వేరుశనగకాయలు తిన్నాం. మట్టి వాసనా పేడ వాసనా కలిసి వస్తుంటే నాకు మా వరండా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. జనాన్ని తోసుకుంటూ పశువుల వైపు వెళ్ళాం. అక్కడ కనిపించింది.

అది ఆవే. కాని నా నడుము దాకా కూడా లేదు. నాకు తెలిసిన ఆవుల్ని ఎవరో వేడినీళ్ళలో ఉతికి కుదించినట్టుంది. వెన్నముద్దలాంటి ఒళ్ళు, బుల్లి కొమ్ములు, నేలను ఊడ్చే తోక, కాటుక పెట్టినట్టు కళ్ళు. పుంగనూరు ఆవు! పేరు వినడమే తప్ప ఏనాడూ కళ్ళారా చూసింది లేదు. అది నా వైపు చూసి చెవులు ఆడించింది. నేను ఆ క్షణమే కరిగిపోయాను.

ఆవు పక్కన ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకాయన పెద్దాయన, మోకాలికి కట్టు కట్టుకుని ఉన్నాడు. రెండో ఆయన నడివయసువాడు. ఇద్దరూ కుడిచేతులు కలిపి పైన ఒక తుండుగుడ్డ కప్పుకున్నారు. మాటా పలుకూ లేదు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ తలలు ఊపుతున్నారు.

"ఏవండీ, వాళ్ళేం చేస్తున్నారు?" అని గుసగుసగా అడిగాను.

మా వారికి తెలియని విషయం లోకంలో లేదు. "నాడి చూస్తున్నాడు. పెద్దాయన మోకాలికి కట్టు చూడు, జబ్బుమనిషి."

"మరి తుండు ఎందుకు కప్పుకున్నారు?"

"ఇక్కడి వైద్యం అలా ఉంటుందేమోలే."

వైద్యం జరుగుతుంటే అడ్డు వెళ్ళకూడదని నాన్నగారు చెప్పారు. అందుకని చప్పుడు చెయ్యకుండా, పిల్లి నడక నడిచి, ఆవు దగ్గరికి వెళ్ళాను. భరిణె తీశాను. నొసట కుంకుమ పెట్టాను. మామూలుగా కాదు, భక్తి కొలదీ పెట్టాను. రెండు అరటిపళ్ళు తినిపించాను. మూడుసార్లు ప్రదక్షిణం చేశాను. తోక పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మూడో చుట్టు పూర్తయ్యేసరికి చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి. సంతలో నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో మీకు తెలియదు. తెలియకుండానే ఉండుగాక.

"ఓ గంగులప్పన్నా!" అని నడివయసాయన చెయ్యి లాక్కున్నాడు. తుండు కింద పడింది. "ఆవుకు బొట్టు పడిపోయె గదప్పా! ఇంగ నా యేళ్ళు పట్టుకోని ఏం సేస్తాండావు?"

"బొట్టా?" అన్నాడు పెద్దాయన. "యాడ?"

"నొసట ఉండాది సూడు, అప్పచ్చంత!"

నేను వినయంగా ముందుకు వచ్చాను. "నేనే పెట్టానండీ. మనస్ఫూర్తిగా పెట్టాను."

"మనసారా పెట్టినాదంట! విన్నావా అన్నా?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "మూడు వారాలుగా కుప్పం నుంచి తిరగతాండా దీనికోసం. ఈ పొద్దు తోల్కొస్తానని సెప్తే మా ఇంటామె కొట్టం అలికి ముగ్గేసి కూసోనుండాది. ఇంగోరికి ఇచ్చేవోనివి నా సెయ్యి యాల పట్టుకుంటివి?"

"నాకు తెలీదురా మునిరత్నం, నీ మీద ఒట్టు!"

"తెలీకుండా బొట్టు యెట్ల పడతాది? మోడం లోనుంచి వాన మాదిరి పడిందా?"

మునిరత్నం తుండు దులిపి భుజాన వేసుకుని, బైకెక్కి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వైద్యుడికి కోపం ఎక్కువనుకున్నాను.

గంగులప్ప నా వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా లేచి, ఆవు మెడతాడు రెండు చేతులతో నాకు అందించాడు. అబ్బ, ఎంత మర్యాద! ఫొటో దిగడానికి తాడు కూడా చేతికిస్తున్నారు! ఇలాంటి మనుషులున్నందుకే వానలు పడుతున్నాయి అనుకుని తాడు కళ్ళకద్దుకున్నాను.

"ఏవండీ, ఫొటో తీయండి!"

"కాస్త నవ్వు" అన్నారు మా వారు. "పెద్దాయనా, మీరు కూడా రండి, ఆవు పక్కన నిలబడండి."

ఆ ఫొటో ఇవాళ్టికీ మా గోడ మీద ఉంది. అందులో నేను లాటరీ తగిలినదానిలా నవ్వుతున్నాను. గంగులప్ప అప్పగింతల్లో ఆడపిల్ల తండ్రిలా ఉన్నాడు. ఓ మూల మా వారి బొటనవేలు పడింది.

"యా ఊరమ్మా మీది?" అని అడిగాడు గంగులప్ప.

"తెనాలండీ."

"తెనాలా! అంత దూరం తోల్కపోతారా? బండి యాడ నిలిపినారు?"

"బండెందుకండీ? బస్సులో వచ్చాం. బస్సులోనే వెళ్తాం."

"బస్సులో ఆవును ఎక్కించుకోరు తల్లీ."

"ఏ ఆవుని?" అన్నాను.

గంగులప్ప నా చేతిలో ఉన్న తాడు వైపు చూశాడు. మా వారు చూశారు. చుట్టూ మూగిన జనమంతా చూశారు. ఆఖరికి నేనూ చూశాను.

అప్పుడు ఆ పెద్దాయన విప్పి చెప్పాడు. తుండు కింద జరిగేది నాడి చూడడం కాదట. ధర నోటితో చెప్పరు. నలుగురికీ తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. బేరం కుదిరాక కొన్నవాళ్ళ ఇంటి ఆడమనిషి ఆవుకు బొట్టు పెడుతుంది. బొట్టు పడిందంటే, ధర తర్వాత తేలినా సరే, ఆ ఆవు ఆవిడ ఇంటిది. ఇంకెవరూ దానివైపు కన్నెత్తి చూడరు. ఆ మీద తాడు చేతికి తీసుకున్నారా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తిరుగులేదు.

ఆలు లేదు చూలు లేదు అన్న సామెత తెలుసు కదా. నా సంగతి ఇంకా అందంగా ఉంది. బేరం లేదు, బండి లేదు, చేతిలో ఆవు మాత్రం ఉంది.

"శారదా" అన్నారు మా వారు, చాలా నెమ్మదిగా. ఆయన నెమ్మదిగా మాట్లాడితే నాకు భయం. "మనం ఉండేది మూడో అంతస్తు."

"చిన్న ఆవే కదండీ" అన్నాను, నోరు ఊరుకోక.

"పిల్లి ఇంకా చిన్నది. దాన్నే వద్దన్నాడు ఇంటి ఓనరు."

"పోనీ, బొట్టు..." అని మా వారే చెయ్యి తుడుస్తున్నట్టు ఆడించారు.

"ఆ మాట అనగాకు సామీ!" అని గంగులప్ప చెవులు మూసుకున్నాడు. "ముత్తైదువ పెట్టిన బొట్టు తుడుస్తారా యాడన్నా?"

నేనూ లెంపలు వేసుకున్నాను. తుడవడమనే ఊహకే మా నాన్నగారు పైనుంచి గుమ్మడికాయ విసిరేవారు.

"కొనలేదని నేనే అందరికీ గట్టిగా చెప్తానండీ."

"తాడు పట్టుకోని పటం దిగితివి గదమ్మా. సంతంతా సూసె."

అంతదాకా నాకు లోపల్లోపల కాస్త నవ్వు కూడా వస్తోంది. గంగులప్ప తర్వాత చెప్పిన మాటతో ఆ నవ్వు ఎండిపోయింది.

"రేపు పొద్దన నాకు మోకాలి ఆపరేషన్ తల్లీ. రెండు నెల్లు కాలు కింద పెట్టగూడదంట. ఇంట్లో ఉండేది నేనూ నా పెండ్లామే. ఆమెకు నడుము వంగదు. దీన్ని మేపేవోళ్ళు లేరు. బ్రోకర్లు శానామంది అడిగినారు. మా ఇంటామె ఒకటే మాట సెప్పింది, సంటిబిడ్డలుండే ఇంటికే ఇయ్యల్ల, దీన్ని బిడ్డ మాదిరి సూసుకునేవోళ్ళకే ఇయ్యల్ల అని. మునిరత్నం ఇంట్లో ఇద్దరు మనవలుండారు. మూడు వారాలు ఇసారించి పిలిపిస్తి." ఆయన ఆవు గంగడోలు నిమిరాడు. "ఈ పొద్దు ఇది ఓ ఇల్లు సేరకపోతే నేను ఆస్పత్రికి యెట్ల పోయేది? సిన్నమ్మీ, ఏం సేద్దామే?"

సిన్నమ్మి అనే ఆ ఆవు నా సంచీలోకి మూతి పెట్టి మూడో అరటిపండు వెతుక్కుంటోంది.

నాకు ఏడుపొచ్చింది. నా పుణ్యం కోసం ఒక ముసలాయన నిద్ర చెడగొట్టాను. "దీనికి విరుగుడు లేదాండీ?" అని చేతులు జోడించి అడిగాను.

"ఉండాదమ్మా" అన్నాడు ఆయన. "బొట్టు పెట్టినామే తాడు పట్టుకోని ఇంగోరి ఇంటి గడప కాడికి పోయి, తన సేత్తో ఆ ఇంటామె సేతికి ఇయ్యల్ల. అప్పుడు సెల్లుతాది."

"అయితే మునిరత్నంగారికి ఫోన్ చేయండి!"

మూడుసార్లు చేశాడు. "ఎత్తడమ్మా. అలిగినాడంటే వాళ్ళమ్మ ఫోను గూడా ఎత్తడు."

"కుప్పం ఎంత దూరం?"

మా వారు అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీశారు. "కుప్పం ఎల్లుండి కదా? పొద్దున ఆరున్నర బస్సు..."

"ఇప్పుడే వెళ్తున్నాం" అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మా వారి ఎర్రసిరాను నేను ధిక్కరించడం అదే మొదలు.

దేవుడు ఉన్నాడని మీకెవరికైనా అనుమానం ఉంటే వినండి. సరిగ్గా ఆ నిమిషాన, గొర్రెలను దించేసి ఖాళీగా కుప్పం వైపు పోతున్న లగేజీ ఆటో ఒకటి మా పక్కన ఆగింది. డ్రైవరు పేరు బాషా. గంగులప్పకు తెలిసినవాడే. సంగతంతా విని స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు.

"అరె అల్లా! కొనకుండానే బొట్టు పెట్టేసినారా అమ్మీ? కమాల్ చేసినారు! ఇరవై ఏండ్లుగా సంతకు వస్తాండా, ఇట్లాంటిది చూడలే."

"నవ్వింది చాలు నాయనా, తీసుకెళ్తావా?"

"ఫికర్ నక్కో. ఆవుకు వెనక జాగా ఉండాది. అన్న కాలు నొప్పి మనిషి, ముందర నా పక్కన. మీరిద్దరూ..." అని వెనక్కి చూసి మళ్ళీ నవ్వాడు.

మేమిద్దరం ఆవుతో పాటు వెనక. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలనట్టు, సెలవుల్లో కూడా మా వారికి పార్శిల్ బండి తప్పలేదు. ఒక పక్క నేను, ఒక పక్క ఆయన, నడుమ మహారాణిలా సిన్నమ్మి. రోడ్డు పక్కన మామిడితోటలు, గాలిలో నా కొంగు జెండాలా ఎగురుతుంటే, తప్పు చేసి పోతున్నానన్న సంగతి మరిచిపోయి నేను కేరింతలు కొట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ ప్రయాణమంత సంబరం నాకు పెళ్ళిలో కూడా లేదు.

"ఎన్నింటికి చేరతామో చూస్తానుండు" అని మా వారు వెనక్కి తిరిగారు. నోటుపుస్తకం పక్కనే గడ్డి మీద పెట్టారు కదా, లేదు. సిన్నమ్మి తీరుబడిగా నములుతోంది. నోటి చివర ఎర్రసిరాతో 'కుప్పం, ఉదయం 6.30' అన్న ముక్క కాసేపు వేలాడి, అదీ లోపలికి పోయింది.

"ఏడు రోజుల ప్రయాణం" అన్నారు మా వారు, కనుమరుగైన బిడ్డ గురించి చెప్పినట్టు.

"అరగదేమోనని నా భయమండీ" అన్నాను.

"ఆవు సంగతేనా నీ భయం?"

పలమనేరులో బాషా టీకి ఆపాడు. అంతే, పుట్టలోంచి చీమలు వచ్చినట్టు జనం వచ్చారు. "ఎంత ముద్దుగుండాది సూడే!" "యాడ కొన్నారమ్మా?" "కొనలేదండీ, బొట్టు పెట్టాను" అని ప్రతివాళ్ళకూ చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఇంతలో ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ దగ్గరికొచ్చింది. రొంటిన దోపిన పొట్లం తీసింది. అందులో కుంకుమ. వేలితో తీసి సిన్నమ్మి నొసటి వైపు చెయ్యి చాపింది.

"వద్దమ్మా! వద్దు! పెట్టకు!" అని నేను పెట్టిన కేకకు బాషా టీ ఒలకబోసుకున్నాడు. రెండు చేతులూ ఆవు నొసటికి అడ్డం పెట్టి, ఆటోలో మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఒక్క బొట్టుకే కుప్పం దాకా పోతున్నాం. రెండోది పడితే కాశీయే!

ముసలమ్మ మండిపడింది. "ఏందమ్మే ఇది? గోమాతకు బొట్టు పెట్టనీవా? యాడి మనిషివే నువ్వు? దేవుడంటే బయం బక్తీ ఉండాదా లేదా?"

"ఉందమ్మా..."

"ఏం ఉండాది! ముకాన అంత బొట్టు పెట్టుకుంటే సాలదు, లోపల ఉండల్ల!"

జనమంతా 'నిజమే, నిజమే' అని తలలూపారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కపూట దీపం మానని నన్ను, పలమనేరు నాస్తికురాలిని చేసి పంపింది. మా వారు అటు తిరిగి భుజాలు అదురుతుంటే దగ్గుతున్నట్టు నటించారు.

కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి చివర మల్బరీ తోట పక్కన మునిరత్నం ఇల్లు. వాకిట్లో కొట్టం అలికి ఉంది, ముగ్గు వేసి ఉంది, కొత్త గంట ఒకటి గుంజకు వేలాడుతోంది. ఆ ఖాళీ కొట్టం చూసేసరికి నా గుండె చివుక్కుమంది. వరండాలో మునిరత్నం మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో ఆయన భార్య కళావతి, ఆమె కొంగు పట్టుకుని ఇద్దరు బుడతలు.

"ఆవు వచ్చె! ఆవు వచ్చె!" అని బుడతలు గంతులు వేశారు.

"ఇంగోరి ఆవు అది. ముట్టగాకండి" అన్నాడు మునిరత్నం గోడతో.

నేను ఆటో దిగి, తాడు పట్టుకుని, గడప ముందు నిలబడ్డాను. దారంతా కట్టుకున్న మాటలన్నీ పోయాయి. "అమ్మా, నాకు సంత తెలియదు. ఆవంటే బొట్టు పెట్టడం ఒక్కటే తెలుసు. మీ ఆయన చేతులు పట్టుకుని ఉంటే నాడి చూస్తున్నాడనుకున్నాను."

కళావతి ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "నాడా? నువ్వు నాడి సూస్తాండావా? నీకు మల్బరీ ఆకు తప్ప ఏం తెలుసయ్యా!" అని గుమ్మం పట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే, "కొనకుండా బొట్టు పెట్టి, అలిగినోని ఇంటికి ఆవును తోల్కోని ఇంత దూరం వచ్చినారాక్కా?" అంది.

మునిరత్నం గోడవైపే ఉన్నాడు. అప్పుడు బాషా భుజం పట్టుకుని కుంటుకుంటూ గంగులప్ప వచ్చాడు.

"రేయ్ మునిరత్నం, రేపు పొద్దన నాకు ఆపరేషన్. అలకంతా నేను లేచి నడిసినంక పెట్టుకుందాం."

మునిరత్నం గిరుక్కున తిరిగాడు. "రేపేనా? యాల సెప్పలేదు నాకు?"

"సెప్తే జాలిపడి ఎక్కువిస్తావని సెప్పలేదు."

మునిరత్నం కాసేపు ఆయన మోకాలి కట్టు వైపు చూశాడు. మంచం మీద జరిగి చోటిచ్చాడు. భుజం మీది తుండు తీశాడు. ఇద్దరి చేతులూ దాని కిందికి వెళ్ళాయి. మధ్యాహ్నం బేరం ఏ వేలి దగ్గర ఆగిందో ఆ వేలి దగ్గరినుంచే మొదలుపెట్టారు. మేమంతా మంచం చుట్టూ మూగాం.

"నాడి బాగానే కొట్టుకుంటోందాండీ?" అన్నారు మా వారు.

ఇద్దరూ ఫక్కున నవ్వారు. తుండు కింద పడింది. కుదిరింది!

నేను తాడు కళ్ళకద్దుకుని కళావతి చేతిలో పెట్టాను. ఆమె సిన్నమ్మికి తన బొట్టు నా బొట్టు పక్కనే పెట్టింది. సిన్నమ్మి గడప ముందు ఆగి ఒక్కసారి నా వైపు తిరిగి చూసింది. నా మీద ప్రేమేనని నేను, అరటిపండు కోసమని మా వారు. గంగులప్ప మెడ నిమిరి, ఏదో చెవిలో చెప్పి, తల పక్కకు తిప్పుకున్నాడు. "మా ఇంటామె ఈ రేతిరి నిద్రపోతాది తల్లీ. నీ బొట్టు మంచిదే" అన్నాడు. ఆ మాటకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ పూట వాళ్ళింట్లోనే రాగిసంగటి, వేరుశనగ పచ్చడి. ఏడు రోజుల జాబితాలో ఎక్కడా లేని భోజనం, దాని రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

బయల్దేరేముందు, ఇంటికొచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి పంపాలి కదా. కళావతి కుంకుమ తెచ్చి నా నొసటి వైపు వేలు చాపింది.

"ఆగండమ్మా, ఆగండి!" అని మా వారు అడ్డం పడ్డారు. "నేనింకా ఎవరి చేయీ పట్టుకోలేదు. బేరం కాకుండా బొట్టు పెట్టేస్తే ఈవిణ్ణి మీరే తోలుకోవాలి!"

కళావతి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆవును చూసింది.

"వద్దులేన్నా" అంది. "మాకు ఒగటి సాలు. అదైతే ఎదురు మాట్లాడదు."

బాషా నవ్వు ఆటో స్టార్టయినా ఆగలేదు.

అందుచేత, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుప్పం గడప సాక్షిగా, జీర్ణమైపోయిన ఆ నోటుపుస్తకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సంతలో ఆవే కాదు, మేక కనిపించినా, కోడి కనిపించినా, సాక్షాత్తూ కామధేనువే వచ్చి తోక ఊపినా నా భరిణె మూత తీయను. దూరంనుంచే దండం పెడతాను, అదీ చేతిలో తాడు ఏదీ లేదని చూసుకున్నాకే.

పోయిన నెల కళావతి ఫోన్ చేసింది. సిన్నమ్మి మళ్ళీ ఈనిందట, ఈసారి ఆడపెయ్య. నా చేతిమీదుగా ఇచ్చాను కాబట్టి దానికి పుట్టిల్లు మాదేనట. వచ్చి బొట్టు పెట్టాలట. మా వారు అప్పుడే కొత్త నోటుపుస్తకం కొన్నారు, ఎర్రసిరా కూడా.

పెయ్య సంతలో లేదు. ఇంట్లో ఉంది. ప్రమాణానికి భంగమేమీ లేదని మీరూ ఒప్పుకుంటారనే నా నమ్మకం.